డెబ్బై ఏడు రోజులు విప్పని కట్ట

1978 జనవరి 17, మంగళవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు పోస్టుమాన్ రెండు కట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వచ్చిన ప్రతి కట్ట మీదా తేదీ, వేళ ఎర్ర పెన్సిలుతో రాయడం నా అలవాటు. అందుకే నిమిషంతో సహా చెప్పగలుగుతున్నాను. ఒక కట్ట అప్పుడే విప్పాను. రెండోదాన్ని తాడుతో ఉన్నదున్నట్టే బీరువా రెండో అరలో పెట్టాను. ఇప్పుడు రాయబోయేది ఆ రెండో కట్ట గురించి.

వరంగల్ నుంచి వెలువడిన ఒక చిన్న వైద్య పత్రికలో నేను 1971 నుంచి 1989 వరకు, పద్దెనిమిదేళ్లు, సహాయ సంపాదకురాలిగా పని చేశాను. మూడు నెలలకు ఒక సంచిక. ఇంగ్లీషులో వచ్చేది. కింద ప్రెస్సు, పైన రెండు గదుల ఆఫీసు. అచ్చు యంత్రం నడుస్తుంటే మా బల్లల మీద గాజు గ్లాసులు సన్నగా మోగేవి. చదివేవాళ్లు చుట్టుపక్కల జిల్లాల డాక్టర్లు. వాళ్లలో చాలామందికి కొత్త సంగతి తెలియడానికి మా పత్రిక తప్ప వేరే దారి లేదు.

ఈ మధ్య ఈ వృత్తిలోకి వస్తున్న ఒక అమ్మాయి నన్ను అడిగింది: "ఆ రోజుల్లో షుగరు వ్యాధి మీద ప్రపంచంలో జరిగే పరిశోధనను వరంగల్‌లో కూర్చుని ఎట్లా అందుకునేవారండీ?" అందుకోలేదు అన్నదే నిజమైన జవాబు. ఎంత వెనకబడ్డామో మాత్రం సరిగ్గా లెక్క పెట్టుకున్నాం.

ఓడ టపా

విదేశీ పత్రికలు మాకు ఓడ మీద వచ్చేవి. బొంబాయిలో దిగి, రైలెక్కి, కొన్నిసార్లు తడిసి, కొన్నిసార్లు వరుస తప్పి మా మెట్ల దాకా చేరేవి. వాటిలో పనికొచ్చే ప్రతి వ్యాసానికీ నేను ఒక కార్డు రాసేదాన్ని: విషయం, సారాంశం నాలుగు వరుసల్లో, అక్కడ అచ్చయిన తేదీ, ఇక్కడికి చేరిన తేదీ, రెండింటి మధ్య రోజులు. షుగరు వ్యాధికి ఒక చెక్కపెట్టె ప్రత్యేకంగా ఉండేది. మిగతా జబ్బులన్నీ రెండు పెట్టెల్లో సర్దుకుంటే ఇదొక్కటే ఏటా కొత్త పెట్టె అడిగేది. 1977 కార్డులన్నీ కూడి చూస్తే సగటు ఆలస్యం నూట పదకొండు రోజులు.

అంటే మేము చదివేది ఎప్పుడూ నూట పదకొండు రోజుల కిందటి లోకం. మొదట్లో ఇది నాకు ఒట్టి అంకె. తర్వాత ఒకసారి, మూత్రపిండాల మీద చక్కెర ప్రభావం గురించి చక్కగా రాసిన ఒక విదేశీ డాక్టరుకు ఆయన వ్యాసం ప్రతి పంపమని ఉత్తరం రాశాను. ఆయన వాదనను మెచ్చుకుంటూ మా సంచికలో ఒక పేజీ కూడా వేశాను. "ఆయన ఇలా భావిస్తున్నారు, ఇలా హెచ్చరిస్తున్నారు" అని వర్తమానంలోనే రాశాను. ఐదు నెలలకు జవాబు వచ్చింది, ఆయన భార్య నుంచి. నేను ఉత్తరం టపాలో వేసిన రోజుకే ఆయన పోయి ఏడు వారాలయిందట. అడిగిన ప్రతి మాత్రం జాగ్రత్తగా మడిచి జతచేసింది. దాని మీద ఆయన సంతకం ఉంది. ఆ కాగితాన్ని పెట్టెలో ఆయన కార్డు వెనక పెట్టాను.

మా సంపాదకులు డాక్టర్ పురుషోత్తం గారు. అప్పటికి ఆయనకు అరవై. పని పంపకం ఆయన నా మొదటి రోజునే చేసేశారు.

"సుభద్రమ్మా, కూడికలు నువ్వు చూస్కో, రోగం నేను చూస్కుంట. ఇద్దరం ఒకటే చూస్తె జీతం దండుగ."

చక్కని పంపకం అనుకున్నాను. చాలా ఏళ్లు అనుకున్నాను.

నా నియమం

1974లో నేనొక తప్పు చేశాను. ఒక విదేశీ పత్రికలో ఎవరో రాసిన వ్యాసానికి ఇంకెవరో ఖండన రాశారు. ఖండన ఉన్న సంచిక మాకు ముందు చేరింది, అసలు వ్యాసం ఉన్నది దారిలో ఎక్కడో ఉండిపోయింది. నేను ఖండననే చివరి మాటగా మా పత్రికలో వేశాను. వెనక వచ్చిన అసలు వ్యాసం చదివితే ఖండనలోనే పస లేదని తేలింది. పురుషోత్తం గారు కోప్పడలేదు, నవ్వారు. "తమ్ముడు ముందు పుట్టి అన్న ఎన్క పుట్టినట్టయింది" అన్నారు. ఆ నవ్వు నాకు కోపం కంటే ఎక్కువ తగిలింది.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పత్రికైనా సంచికల వరుసలోనే విప్పాలి. మధ్యలో ఒకటి రాకపోతే, దాని వెనకవి ఎన్ని వచ్చినా తాడు విప్పకుండా రెండో అరలో పెట్టాలి. రాని సంచిక వచ్చాకే వాటి వంతు. సంపాదకులు ఈ పద్ధతిని నలుగురిలో మెచ్చుకున్నారు. ఇది నా నియమం. ఎవరూ నా మీద రుద్దలేదు.

జనవరి 17న వచ్చిన రెండో కట్ట అలా అరలోకి పోయింది. దానికి ముందు సంచిక ఇంకా రాలేదు.

ముప్పై ఒక్క మంది

ఆ ఏడాది మార్చి 27న మాకు ఒక వ్యాసం అందింది. రాసినాయన మా ఊళ్లోనే పేరున్న వైద్యుడు. ఆయన వారసులు ఉన్నారు కాబట్టి పేరు రాయను, వైద్యుడు గారు అంటాను. షుగరు తగ్గించే ఒక మాత్రను ముప్పై ఒక్క మందికి ఉచితంగా ఇచ్చి, ప్రతి నెలా మూడో సోమవారం పరగడుపున నెత్తురు తీసి పరీక్షించారు. మాత్ర బాగా పనిచేస్తోందని, మన పేదవాళ్లకు ఇది వరమని ఆయన రాశారు. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఆ నంబరు, పేరు, వయసు ఉన్న కార్డు. పట్టికలో పేర్లు లేవు. నంబరు, వయసు, పని, వాడ, అంకెలు.

నేను కూడికలు చూశాను. ఒక్క తప్పు లేదు. సగటులు దశాంశంతో సహా సరిపోయాయి. ఇన్నేళ్లలో అంత శుభ్రమైన పట్టిక నేను చూడలేదని పక్కన రాసి కిందికి పంపాను.

ఏప్రిల్ 3, సోమవారం, పదకొండుంబావుకు మా కంపోజిటర్ యాకూబ్ అలీ ప్రూఫు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి, కొత్తవాడలో ఉండేవాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు ముప్పై ఏళ్లుగా చదివినవాడు. అతను పైకి రావడం అరుదు. తప్పులుంటే కింది నుంచే కేకేసేవాడు.

"అమ్మా, ఒక మాట. ఏమనుకోనంటె అడుగుత."

"అక్షరాల్లో తప్పా, అంకెల్లోనా?"

"రెండిట్ల లేదు. మనిషిల ఉన్నది."

ప్రూఫు నా ముందు పరిచి ఏడో వరుస మీద వేలు పెట్టాడు. వేలి నిండా సిరా.

"గీ ఏడో నంబరు, యాభై రెండేండ్లు, మొగాయన, జంపఖానాలు నేసుడు, కొత్తవాడ. గీయన మా గల్లీ ఐలయ్య గదా."

"ఇందులో పేర్లు లేవు కదా యాకూబ్ భాయ్. నీకెట్లా తెలుసు?"

"గల్లీ గల్లంత ఆయనను ఏడో నంబరనే పిలుస్తదమ్మా. కల్లు దుకాణంల గూడ 'ఏడో నంబరొచ్చిండు, ముంత కడుగుండ్రి' అంటరు. గా కార్డు జేబుల పెట్కోని ఎమ్మెల్లే లెక్క తిరిగెటోడు."

"అయితే?"

"ఐలయ్య పోయిండమ్మా. ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు, బేస్తారం. పాడె ఎన్క నేను గూడ నడిసిన." అతను గొంతు తగ్గించాడు. "మరి మార్చి ఇరవైకి ఈయన నెత్తురు ఎవరిచ్చిండ్రు?"

నేను వరుస మళ్లీ చదివాను. జనవరి 16: 212. ఫిబ్రవరి 20: 176. మార్చి 20: 169. ఒక మనిషి చనిపోయిన పదకొండు రోజులకు చక్కెర తగ్గింది. ముప్పై తొమ్మిది రోజులకు ఇంకా తగ్గింది. బతికి ఉన్న ముప్పై మందిలో ఎవరికీ ఇంత చక్కగా తగ్గలేదు. కింద అచ్చు యంత్రం ఆగి ఉంది. అయినా నా బల్ల మీద గ్లాసు మోగినట్టే అనిపించి చేత్తో పట్టుకున్నాను.

మగ్గం గుంట

ఆ సాయంత్రం నాలుగున్నరకు యాకూబ్ అలీతో కొత్తవాడ వెళ్లాను. నిజం రాయాలి. నేను ఎవరి ప్రాణం కోసమూ వెళ్లలేదు. ఒక వరుస సరిచేయడానికి వెళ్లాను.

ఇంటి ముందు అరుగు మీద ఐలయ్య భార్య కొమురమ్మ నూలు కండెలు చుడుతోంది. లోపలి నుంచి మగ్గం చప్పుడు వస్తోంది. జంపఖానా నేసేవాళ్లు పంజా అనే ఇనుప పళ్ల దువ్వెనతో పోగును కిందికి కొడతారు. ఆ చప్పుడు. మూడు దెబ్బలు, విరామం. మళ్లీ మూడు దెబ్బలు, ఇంకాస్త పొడుగు విరామం.

"వదినా, ఈ అమ్మ మా ఆఫీసామె" అన్నాడు యాకూబ్.

"ఓట్లు రాసుకునేటామెనా? మొన్ననే రాసుకపోయిండ్రు గద."

"కాదమ్మా. డాక్టర్ల పుస్తకంలో లెక్కలు చూస్తాను. మీ ఆయన షుగరు గురించి రెండు మాటలు అడుగుదామని."

ఆమె కండె ఆపకుండానే నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఆయన పోయినంక అడుగవస్తిరి. ఉన్నప్పుడు ఒక్కరు రాకపోయిరి." తర్వాత చేత్తో ప్రహరీ వైపు చూపించింది. "ఆయనకు షుగరని డాక్టరు కంటె ముందుగాల చీమలకే ఎరుక. గా గోడకాడ ఒంటికి పోసి వస్తుండె, ఎన్కనే బారుకట్టి వచ్చేటియి. ఆయన పోయి రెండు నెల్లాయె. చీమలు పోలే. ఎవల కోసం వస్తున్నయో ఏమో, రోజు వస్తనే ఉన్నయి."

గోడ వైపు చూశాను. నల్ల చీమల బారు, తడి ఆరని ఒక మచ్చ దాకా.

"ఆయన కార్డు ఉందా? ఒకసారి చూడొచ్చా?" అన్నాను.

"పెట్టెల దాసిన."

ఆమె లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడు, బట్టలు తిరగేసిన చప్పుడు. "ఈడనే పెట్టిన గద. కార్డేడ పాయె?" అన్న మాట వినపడింది. ఆ మాటతోనే మగ్గం ఆగిపోయింది.

"నా దగ్గరున్నది వదినా" అంది లోపలి నుంచి ఒక గొంతు.

గడప దాటి చూశాను. గుంట మగ్గంలో నడుము దాకా దిగి కూర్చున్న మనిషి, భూమిలోంచి సగం పైకి వచ్చినట్టు ఉన్నాడు. నా వెనక యాకూబ్ "యా అల్లా" అన్నాడు, మెల్లగా. తర్వాత చెప్పాడు, ఆ మసకలో అచ్చం ఐలయ్యే కనపడ్డాడని. అతను ఐలయ్య తమ్ముడు సాంబయ్య. నలభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉండేవాడు.

"అన్న దినాలైన తెల్లారి దవాఖానకు పోయినమ్మా. కార్డు వాపస్ ఇద్దామని పోయిన, అబద్ధం ఎందుకు." రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. "కంపౌండరు కార్డు చూసి 'ఏడు, రా' అన్నడు. సెయ్యి సాపిన. సూది గుచ్చిండు. మాత్రలు సేతిల పెట్టిండు. నాకూ షుగరే గద. పోయినేడు నేను అడిగితె, ముప్పై ఒక్కరే, ఇంకొకలు వద్దని ఎల్లగొట్టిండ్రు. ఇప్పుడు ఒక జాగ ఖాళీ అయింది. నేను కూసున్న."

కొమురమ్మ పెట్టె ముందే నిలబడిపోయింది. "నీకెప్పుడు షుగరు వచ్చిందిరా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏమైతది వదినా. ఇద్దరికి వండి పెట్టుడే గాక ఇద్దరి ఫికరు గూడ నీకే."

"అక్కడ ఐలయ్యా అని పిలిస్తే?" అన్నాను.

"పలుకుత." నవ్వబోయి ఆయాసపడ్డాడు. "ఆడ నేను అన్ననే. ఇంటికొచ్చేటప్పుడు గీ గల్లీ మూల మలిగితె మల్ల నేను నేనైత."

అతను నేయడం లేదు. ఊరికే కూర్చుని ఉన్నాడు. అయినా పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీస్తున్నాడు. అలవాటు కొద్దీ గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెట్టాను. ముప్పై ఆరు.

"నాలుగొద్దులాయె, తిన్నది తిన్నట్టె కక్కుతండు. కడుపుల నొప్పంటడు" అంది కొమురమ్మ. "గాయన గూడ ఆఖరి వారం గిట్లనే…" అని ఆగిపోయి, సాంబయ్య ఛాతీ వైపు చూసింది. ఆ ఊపిరి గుంటలోంచి పైకి వినపడుతూనే ఉంది. అది ఆ ఇంటికి రెండోసారి వచ్చిన చప్పుడు.

రేపు తప్పకుండా పెద్ద దవాఖానకు వెళ్లమని చెప్పాను. మాత్ర ఆపమని చెప్పలేదు. నేను డాక్టరును కాను, ఆ మాట నా పని కాదు అనుకున్నాను. పుస్తకంలో 36 అని రాసుకుని ఐదుంబావుకు వచ్చేశాను.

తాడు

మర్నాడు, ఏప్రిల్ 4, మంగళవారం, ఆఫీసుకు రాగానే షుగరు పెట్టెలోంచి ఆ మాత్ర గురించిన కార్డు తీశాను. 1977 నవంబరు 22న నా చేత్తో రాసిన కార్డు. చివరి వరుస ఇది: "ఈ మాత్ర వల్ల కలిగే ప్రమాదంపై పూర్తి నివేదిక రెండు సంచికల తర్వాత వస్తుందని ప్రకటన." రెండు సంచికల తర్వాతది అంటే, మధ్యలో రానిది పోను, రెండో అరలో తాడుతో ఉన్నదే.

పది గంటల ఐదు నిమిషాలకు బ్లేడుతో తాడు కోశాను. కాగితం చుట్ట మీద నా ఎర్ర పెన్సిలు: 17-1-78, 11.40. వేళ్ల మీద లెక్కపెట్టకుండానే తెలిసింది, డెబ్బై ఏడు రోజులు.

నివేదిక ఏడు పేజీలు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో ఈ మాత్ర వల్ల నెత్తురులో ఒక ఆమ్లం పేరుకుంటోంది. ముందు వాంతులు, కడుపు నొప్పి. తర్వాత లోతుగా, వేగంగా ఊపిరి. ఆ తర్వాత తరచు మరణం. కొన్ని దేశాలు మాత్రను ఆపేస్తున్నాయి. సముద్రం అవతల ఎవరో, నేను ముందు రోజు సాయంత్రం కొత్తవాడలో లెక్కపెట్టిన ఊపిరిని, నెలల ముందే రాసి పెట్టారు. అది నా బల్లకు మూడడుగుల దూరంలో ఉంది. రోజూ ఆ బీరువాకు వీపు ఆనించి టీ తాగాను.

పదింబావుకు పురుషోత్తం గారు వచ్చారు. కొత్తవాడలో చూసింది చెప్పి నివేదిక చేతికిచ్చాను. నిలబడే చదివారు.

"ఇదెప్పుడొచ్చింది?"

"జనవరి పదిహేడున."

కాగితం చుట్ట తిప్పి నా రాత చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "ముందు మనిషిని చూద్దాం, పద" అన్నారు.

కింద ప్రెస్సు ఫోను నుంచి వైద్యుడు గారికి చేశారు. అవతలి గొంతు నాకూ వినపడింది.

"ఏడో నంబరుకేమైందండీ? మంచిగున్నడు గద. నూట అరవై తొమ్మిది. నా లిస్టుల అందరికంటె మంచిగున్నది ఆయనే."

యాకూబ్ అలీ రిక్షా తీసుకుని కొత్తవాడ వెళ్లాడు. మేము వైద్యుడు గారి దగ్గరకు వెళ్లి మిగతా ముప్పై మంది పేర్లు, ఇళ్లు రాసుకున్నాం. నేను పెద్ద దవాఖాన చేరేసరికి ఒకటిన్నర. సాంబయ్య మంచం మీద ఉన్నాడు, సెలైను ఎక్కుతోంది. మంచం తలాపున కట్టిన కాగితం మీద: ఐలయ్య, 52, పురుషుడు.

కొమురమ్మ చేతిలో ఉన్న ఒకే ఒక కాగితం ఆ కార్డు. అదే చూపించింది. చీటీ రాసే గుమాస్తా దగ్గరకు వెళ్లాను.

"పేరు తప్పు రాశారు. ఆయన ఐలయ్య తమ్ముడు, సాంబయ్య."

"కార్డుల ఏమున్నదో గదే రాసిన మేడం. మార్చాల్నంటె పెద్ద సారు సంతకం గావాలె. గా కార్డు మరి ఎవలిది, దొంగతనంగ వాడుకుంటున్నడా?"

వెనక్కి వచ్చేసరికి సాంబయ్య నా కొంగు అంచు పట్టుకున్నాడు. గొంతు దాదాపు లేదు.

"ఉండనియ్యి అమ్మా. నేను సాంబయ్యనని తెలిస్తె మంచం గుంజుకుంటరు. జర ఉండనియ్యి. ఏడో నంబరంటె మంచిగ చూస్తున్నరు."

ఎవరూ మంచం లాక్కోరని నాకు తెలుసు. అతనికి తెలియదు. ఆ భయంతో వాదించడానికి అతని దగ్గర ఊపిరి లేదు. సరేనన్నాను. బతికి బయటపడ్డాక సరిచేద్దాం అనుకున్నాను. తప్పు అని తెలిసి వదిలేసిన అక్షరం నా పద్దెనిమిదేళ్లలో అదొక్కటే.

ఏప్రిల్ 6, బేస్తవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ఆ మంచం మీది ఊపిరి ఆగింది.

ఫిబ్రవరిలో ఐలయ్య ఇంట్లో పోయాడు. ఆ చావు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఇప్పుడు దవాఖాన పుస్తకంలో ఐలయ్య మరణించాడు. భార్య వేలిముద్ర కావాలన్నారు. కొమురమ్మ వేలు సిరా డబ్బా దాకా తెచ్చి ఆపింది.

"గాజులు ఒక్కసారే పగలగొట్టుకున్ననమ్మా. గిప్పుడు ఎవనికని వేలు పెట్టాలె? మొగనికా, మరిదికా?"

ఆమె వేలు పెట్టింది.

మేము అచ్చు వేసినది, వేయనిది

వైద్యుడు గారి వ్యాసం ఆపేశాం. హెచ్చరికను తర్వాతి సంచికలో మొదటి పేజీలో వేశాం. దాని కింద నేను ఒక పేరా రాశాను: ఈ సమాచారం మా కార్యాలయంలో డెబ్బై ఏడు రోజులు విప్పకుండా ఉంది, బాధ్యత సహాయ సంపాదకురాలిది అని. పురుషోత్తం గారు దాని మీద అడ్డంగా గీత గీశారు.

"పత్రిక నిలబడాలె సుభద్రమ్మా. రేపు మనం ఏది రాసినా 'ఇది ఎన్నొద్దులు పండవెట్టిండ్రో' అంటరు."

"అననీయండి. నిజమే కదా."

"నిజమే. కానీ మనం చెప్తె వినేటోడు ఉంటేనే గద నిజం పనికొచ్చేది."

నేను ఒప్పుకున్నాను. ఇద్దరిదీ పిరికితనమే. ఆయన తన పిరికితనానికి ఒక కారణం చెప్పగలిగారు, నాకు అదీ లేదు. ఆ పేరాను ఇన్నాళ్లకు ఇక్కడ వేస్తున్నాను.

వైద్యుడు గారి గురించి చెడుగా అనుకోవద్దు. ఆ వారమంతా స్కూటరు మీద ముప్పై ఇళ్లకూ ఆయనే తిరిగి, మాత్రలు ఒక గుడ్డసంచిలో పోసుకొచ్చి మా ఎదుటే లెక్కపెట్టి కాల్చేశారు. ఆయన నంబర్లు చదివారు, నేను కూడికలు చదివాను, సంపాదకులు రోగం చదివారు. మొహం చదవడం ఎవరి వంతులోనూ పడలేదు. అది చదివినవాడు అక్షరాలు పేర్చే యాకూబ్ అలీ. ఆ మాత్రే ఇద్దరినీ చంపిందని నేను ప్రమాణం చేయలేను. ఇద్దరూ కల్లు తాగేవాళ్లు. ఐలయ్య కాళ్లు ముందు నుంచే వాచేవట. కానీ ఆ ఏడు పేజీలు హెచ్చరించింది సరిగ్గా అలాంటివాళ్ల గురించే.

ఏప్రిల్ 7 నుంచి మా ఆఫీసులో వచ్చిన కట్టను వచ్చిన నిమిషంలో విప్పాం. వరుస తర్వాత చూసుకున్నాం. ఖండన ముందు వచ్చి అసలు వ్యాసం వెనక రావడం మళ్లీ మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ నవ్వులపాలయ్యాం. ఏం కాలేదు. కార్డు మీద కొత్త గడి ఒకటి గీశాను: "ఇది ఎవరికి వెంటనే తెలియాలి?" ఆ గడి నిండితే సంచిక కోసం ఆగకుండా పోస్టుకార్డులు రాసి జిల్లాల్లోని డాక్టర్లకు పంపేవాళ్లం. ఎనభైల్లో నెత్తురు చుక్కతో రంగు మారే పట్టీలు వచ్చాయి, కొత్త రకం ఇన్సులిన్లు వచ్చాయి, పాత మాటలు చాలా తారుమారయ్యాయి. ఆలస్యం సగటు తగ్గుతూ వచ్చింది. నేను దిగిపోయేనాటికి ముప్పై నాలుగు రోజులు. ఈ పనిలోకి వచ్చే మీకు ఒక్కటే చెబుతాను. పరిశోధనను పూర్తిగా అందుకోవడం ఎవరి వల్లా కాదు. మీ గదిలోకి వచ్చినదాన్ని మీ గదిలోనే ఆలస్యం చేయకుండా ఉండటం మీ చేతిలో ఉంది.

చివరి లెక్క

1989లో, ఉద్యోగం వదిలే వారంలో, కొత్తవాడ వెళ్లాను. కొమురమ్మ ఇంకా కండెలు చుడుతోంది, కళ్లు సరిగా ఆనడం లేదు. ప్రహరీ గోడ పొడిగా ఉంది. చీమలు ఎప్పుడు పోయాయని అడిగాను.

"గా వారమే పోయినయమ్మా. ఒక్కటి గూడ ఉండలే."

తిరిగి వస్తుంటే బడి గోడ మీద ఓటర్ల జాబితా అంటించి ఉంది. అలవాటు కొద్దీ ఆ ఇంటి నంబరు దగ్గర ఆగి చదివాను. ఐలయ్య పేరు లేదు. సాంబయ్య పేరు ఉంది. సాంబయ్య, 58, పురుషుడు. ఎవరో ప్రతి ఏడూ అతని వయసు పెంచుతూ వచ్చారు. కూడిక సరిగ్గానే ఉంది.

పోయినవి ఇవి:

కట్ట విప్పకుండా గడిచిన రోజులు: 77. వాటిలో ఐలయ్య బతికి ఉన్నవి మొదటి 23.

ఊపిరి లెక్కపెట్టి వచ్చాక మర్నాటి దాకా నేను ఆగిన గంటలు: 17.

ఐలయ్య చనిపోయాక కాగితం మీద బతికిన రోజులు: 56.

మనుషులు: ఇద్దరు.

కాగితం మీద: ఒక్కరు.